ఆఖరి ఏరుడు పత్తి

లబ్బక్ గురించి ఎవరడిగినా ముందు గాలి గురించే చెప్తాను. టెక్సస్‌కు పడమటి వైపు, ఎటు చూసినా చాప పరిచినట్టుండే నేల అది. ఒక గుట్ట అడ్డం ఉండదు, ఒక తోపు అడ్డం ఉండదు. న్యూ మెక్సికోలో ఎక్కడో బయల్దేరిన గాలి మా అపార్ట్‌మెంట్ కిటికీ దాకా ఆగకుండా వచ్చేది. ఎండలు మొదలయ్యే ముందు నెలల్లో మట్టిని కూడా లేపుకొచ్చేది. అప్పుడు మిట్టమధ్యాహ్నం ఆకాశం ఇటుక రంగులో ఉండేది.

ఆ తర్వాత చెప్పేది పత్తి గురించి.

మాది పరకాల దగ్గర పల్లె. ఇంట్లో పత్తే పంట, పత్తే అప్పు, పత్తే నా ఇంజినీరింగ్ ఫీజు. 2005 ఆగస్టులో టెక్సస్ టెక్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేయడానికి వచ్చాను. అక్టోబర్ వచ్చేసరికి ఊరి చుట్టూ చేలన్నీ తెల్లబడ్డాయి. యంత్రాలు వరసలో నడుస్తూ చెట్టు మీదున్న పత్తినంతా ఒకేసారి లాగేసేవి. ఎగిరొచ్చిన దూది రోడ్డు పక్క గడ్డికి, కంచెలకి పట్టుకుని చలికాలమంతా అలాగే ఉండేది. కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసి చెప్తే బాపు నమ్మలేదు.

"ఆడ గూడ పత్తేనా? కూలోళ్లు దొరుకుతున్నరా?"

"కూలోళ్లు లేరు బాపూ, మెషీన్. ఒక్కసారే మొత్తం లాగేస్తది."

"ఒక్కసారేంది? విచ్చుకోని కాయలు ఏం గావాలె?"

మా దగ్గర మూడు సార్లో నాలుగు సార్లో ఏరతారు. మొదటి ఏరుడు మంచి పత్తి. ఆఖరి ఏరుడుకి వచ్చేసరికి గుడ్డికాయలు, రంగు మారిన దూది, సగం ధర. చేలో ఉన్నదాన్ని సగంలో వదిలేయడం ఆయనకు మింగుడుపడని విషయం. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత ఏడాది నేను ఫుట్‌బాల్ గురించి చెప్తే కూడా ఆయన పత్తిలోనే అర్థం చేసుకున్నాడు.

ఫుట్‌బాల్ అంటే వాళ్ల ఫుట్‌బాల్. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఆ ఊళ్లో అది ఆటలా ఉండదు, జాతరలా ఉంటుంది. మ్యాచ్ ఉన్న శనివారం పొద్దున్నుంచే స్టేడియం చుట్టూ ఎర్ర చొక్కాలు, పొగ, మాంసం కాలే వాసన. ల్యాబ్‌లో నా పక్క టేబుల్ అబ్బాయి లబ్బక్‌కి అరగంట దూరంలో ఉన్న ఊరివాడు. వాళ్లదీ పత్తి సేద్యమే. అతనే నన్ను మొదటిసారి లాక్కెళ్లాడు. నల్ల గుర్రం మీద నల్ల ముసుగు వేసుకున్న మనిషి మైదానంలోకి దూసుకురావడం, వెనకాలే జట్టు పరిగెత్తుకు రావడం, బంతి తన్నగానే జనం మన చపాతీల్లాంటి టోర్టియాలను గాల్లోకి విసరడం, ఇవన్నీ చూసి నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఒక చేత్తో తుపాకీ గుర్తు చూపించి "గన్స్ అప్" అనాలని అతనే నేర్పాడు. ఆట మాత్రం అర్థం కాలేదు. తర్వాతి సోమవారం ఒక పాత అసైన్‌మెంట్ కాగితం వెనక గీతలు గీసి చెప్పాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు, ఆపైన తన్నితే ఇంకొకటి. గీత దాకా పోలేకపోతే దూరం నుంచి రెండు స్తంభాల మధ్యకి తన్నొచ్చు, దానికి మూడు. ఇంతే.

ఇంతే అనుకున్నదాంట్లోకి నేను పూర్తిగా దిగిపోవడానికి కారణం మైక్ లీచ్. మా కోచ్. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడని మనిషి, లా చదివిన మనిషి, సముద్రపు దొంగల చరిత్ర అంటే ప్రాణం పెట్టే మనిషి. మిగతా జట్లు బంతిని చంకలో పెట్టుకుని గజం గజం నెట్టుకుంటూ పోతుంటే మావాళ్లు విసిరేవాళ్లు. విసిరి, మళ్లీ విసిరి, మళ్లీ విసిరేవాళ్లు. 'ఎయిర్ రెయిడ్' అనేవారు దాన్ని. నేనొచ్చిన ఆ సెప్టెంబర్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్ మీద 80 పాయింట్లు కొట్టారు. కొత్తగా వచ్చినవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ ఏడాది తొమ్మిది గెలిచి రెండే ఓడి, డల్లస్‌లో కాటన్ బౌల్‌కి వెళ్లాం. 2006 జనవరి 2న అలబామా మీద. కాటన్ బౌల్ అంటే పెద్ద పేరు, పాత పేరు. పేరులోనే పత్తి ఉంది కాబట్టి బాపుకి కూడా చెప్పుకున్నాను. 10–10 దగ్గర ఆట చివరి క్షణంలో అలబామా వాడు బంతి తన్నాడు. ఆ బంతి తిన్నగా కూడా ఎగరలేదు, వంకరగా, తక్కువ ఎత్తులో ఊగుతూ పోయి స్తంభాల మధ్యలోంచి దాటింది. 13–10. ల్యాబ్ అబ్బాయి వారం రోజులు సరిగా మాట్లాడలేదు. అయినా అది గర్వంగా చెప్పుకోగలిగిన ఓటమి. వచ్చే ఏడు ఇంకా పైకి పోతాం అని ఊరంతా అనుకుంది.

వచ్చే ఏడు వచ్చింది. 2006.

క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, కొత్తవాడు, గ్రాహం హ్యారెల్, రెండో ఏడాది కుర్రాడు. టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ, అంటే టీసీయూ, మీద మూడంటే మూడు పాయింట్లు చేసి 12–3తో ఓడిపోయాం. అప్పటిదాకా ఒక్క ఆట గెలవని కొలరాడో మమ్మల్ని 30–6తో కొట్టింది. ఆ రాత్రి ల్యాబ్‌లో ఎవరూ లైటు కూడా వేయలేదు. అక్టోబర్ చివర్లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు మా ఊరికొచ్చారు. మొదట్లో 21–0తో ముందున్నాం. నా చుట్టూ ఉన్నవాళ్లు అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. చివరికి 35–31, వాళ్లు గెలిచారు. స్టేడియం నుంచి ఇంటికి నడిచొస్తుంటే ఆ వేలమంది గుంపులో చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. సీజన్ ముగిసేసరికి ఏడు గెలుపులు, ఐదు ఓటములు.

డిసెంబర్ మొదట్లో కబురొచ్చింది. ఇన్‌సైట్ బౌల్. అరిజోనా, టెంపీలో. ఎదుట మిన్నెసోటా. వాళ్లు ఆరు గెలిచి ఆరు ఓడినవాళ్లు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ తెలియనివాళ్లకు ఈ బౌల్ అంటే ఏంటో కొంచెం చెప్పాలి. సీజన్ అయ్యాక డిసెంబర్ చివర, జనవరి మొదట్లో జట్లను జంటలుగా చేసి ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్క ఆట పెడతారు. ఆ ఏడాది అలాంటివి 32. జాతీయ చాంపియన్‌ను తేల్చేది అందులో ఒక్కటే. రోజ్, షుగర్, ఆరెంజ్, ఫియెస్టా లాంటివి నాలుగైదు గొప్పవి, కాటన్ లాంటివి వాటి వెనక నిలబడేవి, ఆ తర్వాత మిగిలినవి. ఆరు ఆటలు గెలిచిన జట్టుకు ఆ మిగిలినవాటిలో ఎక్కడో ఒకచోట పిలుపు రావచ్చు. పేరు కూడా డబ్బు కట్టిన కంపెనీదే ఉంటుంది. ఇన్‌సైట్ అంటే ఆ టెంపీ ఊరి కంప్యూటర్ కంపెనీ. ఈ బౌల్ అంతకుముందు ఏడాది దాకా ఫీనిక్స్‌లో బేస్‌బాల్ మైదానంలో ఆడించారు. ఫియెస్టా బౌల్ గ్లెండేల్‌లో కట్టిన కొత్త స్టేడియంకి వెళ్లిపోతే, అది ఖాళీ చేసిన సన్ డెవిల్ స్టేడియం దీనికి దక్కింది. పెద్దవాళ్లు మారిపోయిన ఇంట్లోకి చిన్నవాళ్లు దిగడం అన్నమాట.

కబురు విన్న రోజు ల్యాబ్‌లో కొంతమంది ముఖం చిట్లించారు. పోయిన జనవరిలో అలబామాతో ఆడిన జట్టు ఈ డిసెంబర్‌లో మిన్నెసోటాతోనా అన్నారు. గెలిస్తే ఏం చెప్పుకుంటాం, ఆరు ఓడినవాళ్ల మీద గెలిచామనా? ఓడితే మాత్రం పరువు పోతుంది. ఇంకొందరు అసలు పిలుపు రావడమే ఎక్కువ, కొలరాడో చేతిలో ఓడినవాళ్లకు ఇదే పండగ అన్నారు. నాకు రెండు మాటలూ నిజమే అనిపించాయి. మనసులో చిన్నబోయాను, అయినా తారీఖు క్యాలెండర్లో రాసుకున్నాను. డిసెంబర్ 29, శుక్రవారం.

ఆ వారం ఫోన్లో బాపుకి చెప్పాను.

"ఓడిపోయినోళ్లకు గూడ ఇంకో ఆట పెడ్తరా?" అన్నాడు.

"ఏడు గెలిచినం గదా బాపూ."

కాసేపు ఆలోచించి, "అయితే ఆఖరి ఏరుడు పత్తి లెక్క అన్నట్టు. ధర రాదు, కానీ చేన్ల ఉంచి ఎట్ల పోతం?" అన్నాడు. తర్వాత ఎరువుల సంగతిలోకి వెళ్లిపోయాడు.

ఈ మిన్నెసోటా పేరు వినగానే నాకు గుర్తొచ్చింది మా బావ. మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. అప్పటికి మూడేళ్లుగా మినియాపొలిస్‌లో మిన్నెసోటా యూనివర్సిటీలో చదువుతున్నాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఒకే మంచం మీద ఎదురెదురుగా తలలు పెట్టుకుని పడుకున్నవాళ్లం. ప్రపంచంలో ఇన్ని యూనివర్సిటీలుండగా, ఇన్ని బౌల్‌లుండగా, ఆయన కాలేజీకీ నా కాలేజీకీ జత కుదిరింది. ఆ రాత్రి తొమ్మిది దాటాక, ఫ్రీ మినిట్స్ మొదలవగానే ఫోన్ చేశాను.

బావ సంతోషంగా ఉన్నాడు. నేను అనుకోని సంతోషం అది. వాళ్ల జట్టు గోఫర్స్ అక్టోబర్‌లో చిన్న డివిజన్‌లో ఆడే నార్త్ డకోటా స్టేట్ మీద 10–9తో, చివరి తన్నుని అడ్డుకుని బతికారట. సీజన్ పోయిందనుకున్నాక ఆఖరి మూడు ఆటలూ వరసగా గెలిచి ఆరుకి చేరారు. పైగా గత ఐదేళ్లలో నాలుగుసార్లు బౌల్‌కి వెళ్తే అందులో మూడుసార్లు నాష్‌విల్‌లో మ్యూజిక్ సిటీ బౌల్‌కే పంపారని, ఈసారి కనీసం ఊరు మారిందని అన్నాడు. "మేం ఇక్కడ గోళంలాంటి కప్పు కింద కూర్చుని చూస్తాం రా ఆటలు. బయట ఐస్. మావాళ్లు డిసెంబర్‌లో ఎండలో ఆడతారంటే అదే చాలు" అన్నాడు. నిజమే, వాళ్ల జట్టు అప్పట్లో ఊరి మధ్యనున్న మెట్రోడోమ్‌లో ఆడేది, కాలేజీలో సొంత స్టేడియం లేదు. రోజ్ బౌల్‌కి చివరిసారి వెళ్లింది 1962లో అని కూడా బావే చెప్పాడు. ఆ రోజుల కోసం ఇప్పటికీ ఎదురుచూసే ముసలివాళ్లు ఆయన ల్యాబ్ బిల్డింగ్‌లో ఉన్నారట.

ఒకే ఆట. మేం తల దించుకుని వెళ్తున్నాం, వాళ్లు తల ఎత్తుకుని వస్తున్నారు. ఆ తేడా నాకు ఆ ఫోన్లోనే తెలిసింది.

ఇంకో చిక్కు. ఆ మ్యాచ్ చూపించే ఛానల్ ఎన్ఎఫ్ఎల్ నెట్‌వర్క్. మా అపార్ట్‌మెంట్ కేబుల్‌లో అది రాదు. బార్‌లో కూర్చునే అలవాటు మాకెవరికీ లేదు. క్రిస్మస్ సెలవులకి క్యాంపస్ ఖాళీ. ఊళ్లో మిగిలింది ఇంటికి టికెట్ కొనలేని మా ఇండియన్ స్టూడెంట్లు, గాలి. ల్యాబ్ అబ్బాయి సెలవులకి ఇంటికి పోతూ, వాళ్ల నాన్న డిష్ పెట్టించాడు, రమ్మన్నాడు. వచ్చి తీసుకెళ్లాడు కూడా. నేను పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాను.

ఆ ఇల్లు చేల మధ్యలో ఉంది. కోత అయిపోయిన పత్తి మోళ్లు, దూరంగా జిన్నింగ్ మిల్లు దీపాలు. వాళ్ల నాన్న పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వాడిపోయిన టోపీ ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. దాని మీద కాపర్ బౌల్ అని ఉంది. ఇదే బౌల్, పాత పేరు. 1995 డిసెంబర్‌లో టక్సన్‌లో ఆడితే భార్యాభర్తలిద్దరూ పికప్‌లో అంత దూరం వెళ్లి చూసొచ్చారట. ఎయిర్ ఫోర్స్ మీద 55–41తో గెలిచారట. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన కళ్లలో వెలుగొచ్చింది. చిన్న బౌల్, పెద్ద బౌల్ అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. మావాళ్లు ఇంకోసారి ఆడుతున్నారు, అంతే ఆయనకు. నేను ల్యాబ్‌లో విన్న వాదనలన్నీ ఆ గదిలో ఎవరికీ అవసరం లేనివిగా అనిపించాయి.

ఆట మొదలైంది. తర్వాత జరిగింది రాయడానికి ఇప్పుడు కూడా నాకు కష్టంగానే ఉంది. మిన్నెసోటా వాళ్లు మావాళ్ల మధ్యలోంచి గడ్డివాములోంచి నడిచినట్టు నడిచారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు టచ్‌డౌన్లు. మా హ్యారెల్ విసిరిన బంతులు నేలకి పోతున్నాయి, వాళ్ల చేతుల్లోకి పోతున్నాయి. సగం ఆటకి 35–7. ల్యాబ్ అబ్బాయి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ నా పులిహోర వేడి చేసి తెచ్చింది. ఎవరూ సరిగా తినలేదు. మూడో భాగంలో మిన్నెసోటా ఇంకో మూడు పాయింట్లు కలిపింది. 38–7.

అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. ఇందుకేగా అందరూ ముఖం చిట్లించింది, వీళ్లకి ఇదే ఎక్కువ అని మొదటిసారి నేను కూడా అనుకున్నాను. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఇంటికి ఎప్పుడు దింపుతాడా అని చూస్తున్నాను. పెద్దాయన మాత్రం టోపీ తీయలేదు, ఛానల్ మార్చలేదు.

ఒక టచ్‌డౌన్ వచ్చింది. 38–14. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొకటి వచ్చింది. వంటింట్లోంచి ల్యాబ్ అబ్బాయి తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తొమ్మిది దాటింది. నా ఫోన్ మోగింది. బావ.

"ఏం రా, ఏడుస్తున్నావా?" అన్నాడు నవ్వుతూ.

ఆయన దగ్గర కూడా ఆ ఛానల్ లేదు. రూమ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని స్కోరు పేజీ రిఫ్రెష్ చేసుకుంటున్నాడు. ఆ పేజీ ఆటకంటే ఒకటి రెండు నిమిషాలు వెనక ఉంది. అంటే మైదానంలో జరిగింది నాకు ముందు తెలుస్తుంది, ఆయనకు తర్వాత. మొదట ఇద్దరం దీన్ని గమనించలేదు. 38–28 అయినప్పుడు ఆ ఇంట్లో లేచిన కేక ఫోన్లో వినపడి, "ఏమైంది? ఏమైంది రా?" అన్నాడు. చెప్పబోయాను. "వద్దు, చెప్పకు, చూసుకుంటా" అన్నాడు. అప్పటి నుంచి ఆయన నా గొంతులోంచే ఆట చూశాడు. నేను ఊపిరి బిగబడితే ఆయనా బిగబట్టాడు. నేను నవ్వితే అటు నిశ్శబ్దం.

ఏడాదంతా తిట్టించుకున్న ఆ కుర్రాడు హ్యారెల్ చివరి భాగంలో విసిరిన బంతుల్ని ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ ఏదో అద్భుతం జరిగినట్టు నేను చెప్పలేను. పొట్టి పొట్టి బంతులు, పది గజాలు, ఎనిమిది గజాలు, మళ్లీ పన్నెండు. సీజన్ మొత్తం ఏం చేయడానికి ప్రయత్నించారో అదే, ఈసారి తప్పు లేకుండా. మిన్నెసోటా వాళ్ల కాళ్లు అలసిపోయాయి. టీవీలో కూడా అది కనపడింది. 38–35. గడియారంలో నిమిషం చిల్లర మిగిలింది.

ఆఖరి తన్ను అలెక్స్ ట్రిలికాది. 52 గజాలు. గడియారం సున్నాకి వస్తోంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు, ఆ సాయంత్రం అదే మొదటిసారి. జనవరిలో అలబామా వాడు తన్నిన వంకర బంతి నా కళ్లముందుకి వచ్చింది. ఈసారి బంతి ఎత్తుగా, నిటారుగా పోయింది. గది మొత్తం ఒకేసారి అరిచింది. నేను కూడా అరిచాను. ఫోన్ చేతిలోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"నా పేజీలో ఇంకా 35 అనే ఉంది రా" అన్నాడు బావ. చాలా నెమ్మదిగా అన్నాడు.

అదనపు సమయం. మొదట వాళ్లు మూడు పాయింట్లు చేశారు, 41–38. తర్వాత మావాళ్లు. షానన్ వుడ్స్ మూడు గజాల దూరం నుంచి దూసుకుని గీత దాటాడు. 44–41. ల్యాబ్ అబ్బాయి నన్ను ఎత్తి తిప్పాడు. వాళ్లమ్మ ఏడ్చింది. పెద్దాయన టోపీ తీసి, దాన్ని కాసేపు చేతుల్లో తిప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. ఫోన్ చెవి దగ్గర పెడితే అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"బావా" అన్నాను.

"ఉంటా రా. పొద్దున్నే లేవాలి" అన్నాడు. మర్నాడు శనివారం.

31 పాయింట్ల లోటు. కాలేజీల పై డివిజన్ బౌల్ ఆటల చరిత్రలో అంతకుముందు ఎవరూ అంత పూడ్చలేదు. 2001లో అలబామాలోని మొబైల్‌లో మార్షల్ పూడ్చిన 30 అప్పటిదాకా రికార్డు. అది కూడా ఎవరూ పెద్దగా లెక్కపెట్టని చిన్న బౌలే.

గెలిచాక కూడా ఊళ్లో మాట రెండుగానే ఉంది. సెలవుల తర్వాత కాలేజీ తెరిచినప్పుడు కొందరు ఆ ఆటను పండగలా చెప్పుకున్నారు. కొందరు, ఆరు ఓడినవాళ్ల మీద 38–7 దాకా వెళ్లిన జట్టును ఎలా మెచ్చుకుంటాం అన్నారు. నాకు ఆ రెండోవాళ్ల మీద కోపం లేదు. మొదటి మూడు భాగాలు చూసినవాళ్లకి అలా అనిపించడం సహజం. కానీ నేను ఏ జట్టుకి చెందినవాడినో నాకు తెలిసింది ఆ 38–7 దగ్గరే, కాటన్ బౌల్‌లో కాదు.

డిసెంబర్ 31 రాత్రి బావే ఫోన్ చేశాడు. హ్యాపీ న్యూ ఇయర్ చెప్తాడనుకున్నాను. "మా కోచ్‌ని తీసేశారు రా" అన్నాడు. గ్లెన్ మేసన్. పదేళ్లు అక్కడ కోచ్. ఎప్పుడూ పడిపోయి ఉండే జట్టును లేపి, ఏటా కాకపోయినా తరచుగా బౌల్‌కి తీసుకెళ్లిన మనిషి. ఆట అయిన రెండు రోజులకే పొమ్మన్నారు. దానికి ఆ ఒక్క రాత్రే కారణమని నేననను, చిన్న బౌల్‌ల దగ్గరే ఆగిపోతున్నామన్న విసుగు వాళ్లకి చాలా ఏళ్లుగా ఉంది. కానీ బావ గొంతులో మాత్రం ఆ 52 గజాల తన్ను ఉంది. ట్రిలికా కాలు కొంచెం పక్కకి పడి ఉంటే ఆ మనిషి ఉద్యోగం ఉండేదేమో అని ఆయన అనలేదు, నేను అనుకున్నాను. మా గెలుపులో అంత బరువు ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఏం అనాలో తోచక "తిన్నావా బావా?" అని అడిగాను.

మర్నాడు, జనవరి 1న, అదే ఫీనిక్స్ పక్కన గ్లెండేల్ కొత్త స్టేడియంలో బోయిసీ స్టేట్, ఓక్లహామా మీద 43–42తో గెలిచింది. ఆ ఆట గురించి ఇప్పటికీ దేశమంతా మాట్లాడుతుంది. మూడు రోజుల ముందు అక్కడికి దగ్గర్లోనే జరిగిన మాది ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. నాకు చాలా కాలం అది గుచ్చుకునేది. ఆఫీసులో కొత్తగా కలిసిన అమెరికన్లు ఫుట్‌బాల్ మాట తెస్తే నేను ఇన్‌సైట్ బౌల్ అనేవాడిని, వాళ్లు మర్యాదగా తలూపేవారు.

తర్వాత చాలా జరిగాయి. 2008 నవంబర్ 1న హ్యారెల్ విసిరిన బంతిని క్రాబ్‌ట్రీ అందుకుని, ఒక్క సెకను మిగిలుండగా గీత దాటించి టెక్సస్ మీద 39–33తో గెలిపించాడు. ఆ ఆట అందరికీ తెలుసు. ఆ రోజు హ్యారెల్‌ని భుజాలకెత్తుకున్నవాళ్లలో ఎందరు టెంపీలో మొదటి సగానికి అతన్ని తిట్టుకున్నారో నాకు తెలుసు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. 2009 చివర్లో లీచ్‌ని తీసేశారు. 2022 డిసెంబర్‌లో ఆయన చనిపోయాడని తెలిసిన రోజు నేను డల్లస్‌లో ఆఫీసు పార్కింగ్‌లో కారులోనే అరగంట కూర్చున్నాను. మా రికార్డును 2016 జనవరిలో టీసీయూ సమం చేసింది, ఓరెగన్ మీద 31–0 నుంచి 47–41కి. ఇన్‌సైట్ బౌల్ పేరు ఎన్నిసార్లు మారిందో. కోడిమాంసం హోటల్ పేరు, తర్వాత నాగజెముడు పేరు, తర్వాత బిస్కెట్ల పేరు, ఇప్పుడు ఇంటి అప్పులిచ్చే కంపెనీ పేరు.

2011లో బాపు అమెరికా వచ్చాడు. లబ్బక్ తీసుకెళ్లాను. ల్యాబ్ అబ్బాయి వాళ్ల నాన్న చేనులో ఇద్దరూ నిలబడ్డారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ ఏడాది ఘోరమైన కరువు, చేను ఎండిపోయి ఉంది. పెద్దాయన ఒక చిన్న కాయ తెంపి ఇస్తే బాపు దాన్ని విప్పి, దూదిని రెండు బొటనవేళ్ల మధ్య లాగి పోగు పొడవు చూశాడు. పెద్దాయన కూడా అలాగే లాగి చూపించాడు. చాలాసేపు అలా నిలబడ్డారు. నేను మాటలు మార్చి చెప్పాల్సిన అవసరమే రాలేదు.

2025 డిసెంబర్‌లో నోటర్‌డామ్ యూనివర్సిటీ, జాతీయ చాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌లో చోటు రాలేదని, తమకొచ్చే బౌల్ ఆడబోమని చెప్పేసింది. ఆ వార్త చదువుతుంటే నాకు కోపం రాలేదు, దిగులేసింది. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. ఇప్పుడు మంచి ఆటగాళ్లు కూడా దెబ్బ తగిలితే ప్రొఫెషనల్ లీగ్‌లో అవకాశం పోతుందని ఇలాంటి ఆటల్లో దిగరు. ఆ కుర్రాళ్లని నేను తప్పుపట్టను, వాళ్ల ఇళ్ల పరిస్థితులేంటో నాకేం తెలుసు? కానీ ఆ రోజు మావాళ్లు కూడా ఇది చిన్నదని వదిలేసి ఉంటే, ఆ ఇంట్లో నాకు ఆ రాత్రి ఉండేది కాదు. అదే సీజన్‌లో మా టెక్ ఆ ప్లేఆఫ్‌లోకి చేరింది. పెద్ద ఇంట్లోకి మేమే వెళ్లాం. సంతోషించాను, ఎర్ర చొక్కా వేసుకున్నాను. అయినా డిసెంబర్ చివరి వారంలో నా చూపు టీవీలో పేరు తెలియని చిన్న బౌల్‌ల వైపే పోయింది, ఖాళీ కుర్చీల మధ్య అక్కడక్కడా కూర్చున్న ముసలివాళ్ల టోపీల వైపు.

బావ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు. ప్రతి ఏటా డిసెంబర్ 29న ఆయన దగ్గర్నుంచి ఒక మెసేజ్ వస్తుంది. అందులో మాట ఉండదు, 38–7 అని మాత్రం ఉంటుంది. పోయిన డిసెంబర్‌లో కూడా వచ్చింది. ఎప్పటిలాగే ఒక నమస్కారం బొమ్మ పెట్టి, అత్తమ్మ ఎట్లున్నదని అడిగాను. మిగతా అంకెలు నేనెప్పుడూ పంపలేదు.